అడుగు తడబడితే ఏమంటారు?

సాయంత్రం ఆరున్నర. నానక్‌రామ్‌గూడలో ఏదో ఒక రోడ్డు పక్కన ఓ పది నిమిషాలు ఊరికే నిలబడి వచ్చేపోయే వాళ్ళ కాళ్ళు చూడండి. మొహాలు వద్దు, కాళ్ళు చాలు. పొద్దున్నుంచీ కుర్చీకి అతుక్కుపోయిన సాఫ్ట్‌వేర్ కుర్రాడు బ్యాగు బరువుకి ఓ పక్కకి ఒరిగి, అడుగులు లెక్కపెడుతున్నట్టు వెళ్తుంటాడు. ఎత్తు మడమల చెప్పులేసుకున్న అమ్మాయి ఫుట్‌పాత్ మీద కదిలే పలక ఎక్కి, రెండు చేతులూ గాల్లోకి చాచి నిలదొక్కుకుంటుంది. రాత్రి డ్యూటీకి బయల్దేరిన వాచ్‌మన్ పెద్దాయన ఒక మోకాలు వంచకుండా, భారమంతా రెండో కాలి మీదే వేసుకుని వస్తుంటాడు. వైన్‌షాపు ముందు నుంచి ఒకాయన రోడ్డు వెడల్పు కొలుచుకుంటూ పోతుంటాడు. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర అమ్మ వేలు వదిలించుకున్న ఏడాది పిల్లాడు నాలుగడుగులు వేసి చతికిలబడి, తనకు తనే చప్పట్లు కొట్టుకుంటాడు.

మన లెక్కలో వీళ్ళంతా నడుస్తున్నారు. ఇంగ్లిష్‌వాడిని అడిగితే మాత్రం, వీళ్ళలో ఒక్కరూ 'వాక్' చేయడం లేదంటాడు. కుర్రాడు 'ప్లాడ్' చేస్తున్నాడు. అమ్మాయి 'టీటర్' అయింది. వాచ్‌మన్‌ది 'హాబుల్'. రోడ్డు కొలిచే పెద్దమనిషిది 'స్టాగర్'. పిల్లాడు 'టాడిల్' చేస్తున్నాడు, అందుకే ఆ వయసు పిల్లల్ని టాడ్లర్లన్నారు. ఇంకా స్టంబుల్, టాటర్, డాడర్, లింప్, లర్చ్, రీల్, షఫుల్, షాంబుల్, వాడిల్, లంబర్, ట్రడ్జ్... చెప్పుకుంటూ పోతే కాళ్ళు నొప్పి పుడతాయి. అమెరికన్ భాషాశాస్త్రవేత్త బెత్ లెవిన్ 1993లో ఇంగ్లిష్ క్రియల్ని తరగతులుగా విడదీసి ఓ పుస్తకం వేశారు. అందులో ఎలా కదిలారో చెప్పే క్రియలే వందకు పైగా ఉన్నాయి. వాటిలో సరిగ్గా నడవలేని నడకలది పెద్ద వాటా.

బాతు, పేకముక్క, కసాయి బల్ల

ఈ మాటల పుట్టుక చూస్తే భలే సరదాగా ఉంటుంది. నీళ్ళలో కాళ్ళీడ్చుకుంటూ నడవడాన్ని ఇంగ్లిష్‌లో 'వేడ్' అంటారు. దాన్నే చిన్నచిన్నగా పదేపదే చేస్తే 'వాడిల్'. ఒడ్డుకొచ్చిన బాతు అటూ ఇటూ ఊగుతూ వేసే అడుగులన్నమాట. 1914లో చార్లీ చాప్లిన్ పొట్టి కోటు, పెద్ద బూట్లు వేసుకుని ప్రపంచాన్ని నవ్వించిన నడక ఇదే.

'షఫుల్' తెలియని తెలుగువాడు లేడు. పేకాటలో వినే ఉంటారు. ముక్కలు ఒకదాని మీద ఒకటి జరిపినట్టే పాదాలు నేల మీంచి లేవకుండా జరిపితే అదీ షఫులే. 'లర్చ్' ఓడల నుంచి వచ్చింది. సముద్రంలో ఓడ ఉన్నట్టుండి ఓ పక్కకి ఒరగడాన్ని నావికులు అలా అనేవారు, తర్వాత అది మనుషులకి అంటుకుంది. 'రీల్' అంటే నూలు కండె. తల గిర్రున తిరిగి పడబోయేవాడు కండెలా తిరుగుతున్నాడని వాళ్ళ ఊహ. అన్నిటికన్నా చిత్రం 'షాంబుల్'. ఒకప్పుడు ఇంగ్లండులో మాంసం అమ్మే బల్లల్ని షాంబుల్స్ అనేవారు. ఆ బల్లల కాళ్ళు వంకరగా, ఎడంగా ఉండేవి. అలా కాళ్ళేసుకుని దేభ్యం మొహంతో నడిచేవాడి నడకకి ఆ పేరే వచ్చిందని నిఘంటుకారుల ఊహ. గుర్రం దూరం పోకుండా కాళ్ళకి బంధం వేయడం కూడా 'హాబుల్' చేయడమే. 1910 ప్రాంతంలో యూరప్ ఆడవాళ్ళు మోకాళ్ళ కింద బిగుసుకుపోయే గౌన్లు తొడిగి చిట్టిచిట్టి అడుగులు వేసేవారు. వాటికీ హాబుల్ స్కర్టులనే పేరు పెట్టారు. ఫ్యాషన్ కోసం కాళ్ళకి బంధం వేసుకున్నారన్నమాట!

ఇక స్టాగర్. పాత నార్స్ భాషలో తోయడం, నెట్టడం అనే అర్థమున్న మాట నుంచి వచ్చింది. ఎవరో నెడితే తూలినట్టు. తాగుబోతు నడకని చెప్పే ఈ మాట నానక్‌రామ్‌గూడ చుట్టుపక్కల ఆఫీసుల్లో ఎంతో మర్యాదగా చలామణీ అవుతుంది. అందరూ ఒకేసారి రోడ్డెక్కకుండా విడతలుగా వెళ్ళడాన్ని 'స్టాగర్డ్ లాగౌట్' అంటారు. 2023 జులైలో వానలు దంచికొట్టినప్పుడు సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలకి ఇలాగే విడతలవారీగా ఇళ్ళకి వెళ్ళమని సూచించారు. ఆ నీళ్ళలో బయటపడ్డవాళ్ళు రెండర్థాల్లోనూ స్టాగర్ అయ్యే ఉంటారు.

బట్టీ పట్టిన నడకలు

ఈ మాటలు మన కుర్రకారుకి తెలియవని కాదు. 2000 దశకంలో జీఆర్‌ఈ రాసిన ఎవర్నయినా అడగండి. బారన్స్ పుస్తకం వెనకాల మూడున్నర వేల మాటల జాబితా. హిమాయత్‌నగర్, నారాయణగూడ, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి తిరిగొస్తూ సిటీ బస్సులో నిలబడి అట్టముక్కలు తిప్పుతూ బట్టీ పట్టినవాళ్ళు ఎందరో. బస్సు బ్రేకు వేసినప్పుడల్లా లర్చ్ అవుతూనే, లర్చ్ అంటే ఏమిటో వల్లె వేసుకునేవారు.

అప్పటి పరీక్షలో ఎనాలజీలని ఉండేవి. నడకకి 'టాటర్' ఎలాగో మాటకి 'స్టట్టర్' అలాగ, ఈ తరహా జతలు కుదర్చాలి. 2011 ఆగస్టులో పరీక్ష రూపం మార్చినప్పుడు వాటిని తీసేశారు. తీసేసి మంచిపనే చేశారేమో. ఎందుకంటే ఆ ప్రశ్న తెలుగులో ప్రశ్నే కాదు. మనకి అడుగూ తడబడుతుంది, మాటా తడబడుతుంది. కాలూ తూలుతుంది, మాటా తూలుతుంది. కాలూ జారుతుంది, నోరూ జారుతుంది. అమెరికావాడు రెండు మాటలు పెట్టి, వాటికి చుట్టరికం ఏమిటో చెప్పమని మార్కులిస్తే, మన అవ్వలు ఆ చుట్టరికాన్ని ఒక్కమాటలో దాచేశారు.

అమెరికా కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకే మారింది. ఆనాడు అట్టముక్కలు తిప్పినవాళ్ళ తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇప్పుడు వాళ్ళ అమ్మానాన్నలూ వీసా కోసం ఇక్కడికే వస్తున్నారు. ఆ అమ్మానాన్నల నడక దగ్గరికి కాసేపట్లో వద్దాం.

మనకెందుకు లేవు?

లేవని ఎవరన్నారు! ఉన్నాయి, కాకపోతే వేరే అరలో ఉన్నాయి.

భాషలు కదలికని ఎలా సర్దుకుంటాయన్న దాని మీద లియొనార్డ్ టామీ అనే అమెరికన్ పండితుడు 1985 నుంచీ రాస్తూ వచ్చారు. ఆయన చెప్పింది సులువుగా చెప్పుకుంటే ఇది. కదలికలో రెండు సంగతులుంటాయి: ఎటు వెళ్ళాడు, ఎలా వెళ్ళాడు. ఇంగ్లిష్ 'ఎలా'ని క్రియలో పెట్టి, 'ఎటు'ని ఇన్, అవుట్, అప్ లాంటి చిన్న మాటలకి వదిలేస్తుంది. స్పానిష్, జపనీస్, మన పొరుగు తమిళం లాంటివి 'ఎటు'ని క్రియలో పెడతాయని ఆయన లెక్క. తెలుగు తీరు చూస్తే మనమూ ఆ పంక్తిలోనే కూర్చోవాలి. 'తూలుతూ ఇంట్లోకి వచ్చాడు' అంటాం. అసలు క్రియ 'వచ్చాడు'. తూలడం పక్కవాద్యం. పోనీ ఇంగ్లిష్‌వాడిలా 'ఇంట్లోకి తూలాడు' అని చూడండి. గుమ్మం తట్టుకుని లోపలికి పడబోయాడన్న అర్థం వస్తుందే తప్ప, తూలుకుంటూ నడిచొచ్చాడన్న అర్థం రాదు.

దీనివల్ల ఒక ఇబ్బంది ఉంది. పక్కవాద్యం లేకపోయినా కచేరీ నడుస్తుంది. 'వచ్చాడు' అంటే చాలు, ఎలా వచ్చాడో చెప్పకపోయినా వాక్యం పూర్తవుతుంది. కాలిఫోర్నియాలో డాన్ స్లోబిన్ అనే ఆచార్యుడు మాటల్లేని ఒక కప్ప కథ బొమ్మల పుస్తకాన్ని రకరకాల భాషల వాళ్ళకి చూపించి కథ చెప్పించేవారు. ఇంగ్లిష్ లాంటి భాషల వాళ్ళు 'ఎలా కదిలింది' అన్నది ఎక్కువసార్లు చెప్పారనీ, స్పానిష్ లాంటి వాటిలో అది తగ్గిందనీ గమనించారు. చూడక కాదు, భాష గట్టిగా అడగక.

కానీ తెలుగువాడు చెప్పదలుచుకుంటే ఆపేవాడెవడు? బుడిబుడి అడుగులు, తప్పటడుగులు, గునగున నడక. పడుతూ లేస్తూ, ఊగుతూ తూగుతూ, కాళ్ళీడ్చుకుంటూ. తొట్రుపడటం వేరు, తడబడటం వేరు. తొట్రుపాటులో కంగారుంది, తడబాటులో పట్టు తప్పడం ఉంది. నిద్రమత్తులో ఊగితే జోగడం, ఒంట్లో శక్తి అయిపోయి ఒరిగితే సోలడం. తొక్కుడుబిళ్ళ ఆటలో ఆడపిల్లలు ఒంటికాలి మీద గెంతితే అది కుంటడం. నడవలేక కూర్చునే జరిగితే దేకడం. ఆపైన జంతువులున్నాయి. నత్తనడక, బాతు నడక, పిల్లి అడుగులు. ఇంగ్లిష్‌వాడు పోటీకి దిగితే 'ఎదురుదెబ్బ' అన్న మాట వాడి ముందు పెట్టొచ్చు. నడుస్తుంటే బొటనవేలికి రాయి తగిలి ప్రాణం జివ్వుమనే దెబ్బకి ఒక ప్రత్యేకమైన పేరు! ఇప్పుడు దాన్ని ఎన్నికల్లో ఓడిన పార్టీలకి వాడేసి అసలర్థం మర్చిపోతున్నాం. 'తప్పటడుగు'దీ అదే గతి. పసిపిల్ల ముద్దు నడక కాస్తా పెద్దవాళ్ళ తప్పిదమైపోయింది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. పత్రికల్లో ప్రాజెక్టులు 'కుంటుపడతాయి', నాయకులు 'కుంటిసాకులు' చెబుతారు. ఆ మాటలు చదివేవాళ్ళలో నిజంగా కుంటుతూ నడిచేవాళ్ళూ ఉంటారు. 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం వైకల్యాల జాబితాని ఏడు నుంచి ఇరవై ఒకటికి పెంచి, పార్కిన్సన్స్, కండరాల క్షీణత లాంటి వాటినీ చేర్చింది. చట్టం అడుగు ముందుకేసింది. మన శీర్షికలు ఇంకా వెనకే నడుస్తున్నాయి. సాకు డొల్లదైతే డొల్లసాకు అనొచ్చుగా, కాలితో ఏం పని?

గేటు తెరుచుకున్న చోట

నడకల ఇంగ్లిష్ మన ఊళ్ళో అన్నం పెట్టిన కాలం కూడా ఒకటుంది. 2000 దశకంలో హైదరాబాద్‌లో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ జోరుగా సాగింది. అమెరికాలో డాక్టరు రోగిని చూసి, గబగబా టేపులో చెప్పి ఇంటికెళ్ళిపోయేవాడు. అక్కడ రాత్రయ్యేసరికి ఇక్కడ పగలు. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకున్న మన డిగ్రీ కుర్రాళ్ళు ఆ గొణుగుడంతా విని టైపు చేసి పంపేవారు. వాళ్ళని తిప్పలు పెట్టిన మాటల్లో 'గెయిట్' ఒకటి. నడక తీరు అని అర్థం. వినడానికి అచ్చం ఇంటిముందు గేటులాగే ఉంటుంది. పక్కన ఏ మాటుందో చూసుకోకపోతే, రోగి కాళ్ళకి బదులు గేటు వంకరపోతుంది. నడకలో నిలకడ తప్పడానికి పెట్టిన 'అటాక్సియా' అన్న మాటా అంతే. అలవాటు లేని చెవికి అందులో టాక్సీ వినిపిస్తుంది.

ఆ పని ఇప్పుడు చాలావరకు యంత్రాల చేతికి పోయింది. కానీ డాక్టర్లకి నడకతో పని పోలేదు. జేమ్స్ పార్కిన్సన్ అనే లండన్ వైద్యుడు 1817లో వణుకు వ్యాధి మీద చిన్న పుస్తకం రాశాడు. అందులో చెప్పుకున్నది ఆరుగురి గురించి. వాళ్ళలో కొందరిని ఆయన వీధిలో చూసి గమనించినవాళ్ళే. నడుం ముందుకి వంగడం, నడక తన ప్రమేయం లేకుండా పరుగులోకి మారడం ఆయన కళ్ళతో పట్టుకున్న లక్షణాలు. ఇవాళ్టికీ నరాల డాక్టరు తన గదిలో చేసే మొదటి పరీక్షల్లో ఒకటి, రోగిని తలుపు దాకా నడిచి వెనక్కి తిరిగి రమ్మనడం.

అక్కడ ఇంగ్లిష్ క్రియలు ఒక్కసారిగా రోగాల పేర్లయిపోతాయి. షఫుల్ అయితే అనుమానం పార్కిన్సన్స్ మీదకి వెళ్తుంది. వాడిల్ అయితే తుంటి కండరాల్లో బలం తగ్గిందేమో చూస్తారు. పాదం పైకి లేవక, గుర్రంలా మోకాలెత్తి టపటపా వేస్తుంటే పాదాన్ని లేపే నరానికో, దాని వేరుకో దెబ్బ తగిలిందేమో అంటారు. పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళు బిగిసిన కాలిని అర్ధచంద్రంలా తిప్పి వేస్తారు. చిన్నమెదడు దెబ్బతింటే కాళ్ళు ఎడంగా పెట్టి తాగినవాడిలా తూలుతారు. చుక్క ముట్టనివాళ్ళు కూడా! ఇలాంటివాళ్ళు వీధిలో ఎన్ని నిందలు పడతారో చెప్పక్కర్లేదు. అమెరికాలో తాగి బండి నడిపారేమోనని పోలీసులు గీత మీద మడమకి బొటనవేలు ఆనించి తొమ్మిదడుగులు వేయించి, తిరిగి తొమ్మిది వేయిస్తారు. నరాల డాక్టరు చేయించేదీ దాదాపు అదే. ఒకరికి కావలసింది మందు వాసన, ఇంకొకరికి కావలసింది జబ్బు జాడ.

మరి మన పెద్దవాళ్ళు డాక్టరు దగ్గరికెళ్ళి ఏం చెబుతారు? 'కళ్ళు తిరుగుతున్నాయి బాబూ' అంటారు. ఆ ఒక్కమాటలో నాలుగు జబ్బులు దాక్కుంటాయి. గది గిర్రున తిరుగుతోందా? లేచి నిలబడగానే కళ్ళు చీకట్లు కమ్ముతున్నాయా? తల బాగానే ఉండి కాళ్ళు మాట వినడం లేదా? లేక ఒట్టి నీరసమా? మొదటిది చెవి లోపలి సమస్య కావచ్చు, రెండోది బీపీ పడిపోవడం కావచ్చు, మూడోది నరాలదో మెదడుదో కావచ్చు. కాగితం మీద మాత్రం అన్నీ కలిపి 'గిడ్డీనెస్' అని ఒక్క ముక్కలో పడిపోతాయి. తెలుగులో తూలు, సోలు, తడబడు అని ఇన్ని మాటలున్నా, ఆస్పత్రి గుమ్మం దగ్గర అవన్నీ చెప్పులతోపాటు బయటే వదిలేస్తున్నాం.

దీని ఖరీదు ఎక్కువ. బాగా ఉన్న మనిషి ఉన్నట్టుండి తూలిపోతే అది పక్షవాతం కావచ్చు. మూతి వంకరపోలేదు, చెయ్యి పడిపోలేదు కదా అని నిమ్మకాయ నీళ్ళు తాగించి పడుకోబెట్టేస్తారు. రక్తపుగడ్డని కరిగించే మందు వేయడానికి ఉండే గడువు మామూలుగా నాలుగున్నర గంటలు. అందుకే పక్షవాతం గుర్తుల జాబితాలో మొహం, చెయ్యి, మాట మాత్రమే కాకుండా నిలకడ తప్పడాన్నీ చేర్చారు. ఇంకోపక్క, నెమ్మదిగా వచ్చే తేడాల్లో కొన్ని నయమయ్యేవి ఉన్నాయి. బీ12 విటమిన్ తగ్గితే పాదం ఎక్కడుందో మెదడుకి తెలియదు. పగలు బాగానే నడిచే మనిషి చీకట్లో తూలతాడు. సింకు దగ్గర కళ్ళు మూసుకుని మొహం కడుక్కుంటుంటే ముందుకి పడబోతాడు. తొందరగా పట్టుకుంటే మందుతో దారికొస్తుంది. మెదడులో నీరు చేరి పాదాలు నేలకి అయస్కాంతంలా అతుక్కుపోయే నడక ఒకటుంది. 'వయసు మీద పడింది' అని వదిలేసే నడకల్లో అదీ కలిసిపోతుంది. సరైన రోగుల్లో చిన్న గొట్టం అమర్చి ఆ నీరు మళ్ళిస్తే నడక మెరుగవుతుంది.

ఫోన్లో నాన్న నడక

ఇప్పుడు ఆ అమ్మానాన్నల దగ్గరికి వద్దాం. పిల్లలు డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో. పెద్దవాళ్ళు ఇక్కడ పధ్నాలుగో అంతస్తులో. రోజూ వీడియో కాల్ ఉంటుంది కానీ అందులో కనిపించేది మొహమే. తిన్నారా, మందులేసుకున్నారా, అంతా బాగుందా? బాగుందమ్మా. నడక మాత్రం ఎప్పుడూ తెర బయటే ఉంటుంది. ఏడాదికోసారి ఎయిర్‌పోర్టులో దిగినప్పుడు, 'నాన్నేంటి ఇలా నడుస్తున్నారు' అని గుండె ఆగినంత పనవుతుంది. రోజూ చూసేవాళ్ళకి తెలియదు, దూరంగా ఉన్నవాళ్ళకి కనపడదు.

కాబట్టి అడిగేటప్పుడు 'ఎలా ఉన్నారు' అని కాకుండా 'ఎలా నడుస్తున్నారు' అని అడగడం నయం. జవాబు కూడా వాళ్ళ మాటల్లోనే రానివ్వండి. 'కాలు ఈడుస్తోంది' అంటే ఈడుస్తోందనే డాక్టరుకి చెప్పండి, దాన్ని మీ ఇంగ్లిష్‌లోకి మార్చి వీక్‌నెస్ అనకండి. పక్కకి తూలుతున్నారంటే ఎటు తూలుతున్నారో, ఎప్పట్నుంచో అడగండి. ఉన్నట్టుండి ఇవాళే మొదలైందంటే మిగతా ప్రశ్నలు ఆపి ముందు ఆస్పత్రికి పంపండి.

పక్కన మనిషిని తోడుంచి, ఫోను కాస్త కిందికి పట్టించి వరండాలో ఆ చివరికి నడిచి తిరిగి రమ్మంటే, అర నిమిషం వీడియో చాలు. వెనక్కి తిరగడానికి ఎన్ని అడుగులు పట్టాయో చూడండి. రెండు చేతులూ సమానంగా ఊగుతున్నాయా, ఒకటి ఒంటికి అతుక్కుపోయిందా చూడండి. కుర్చీలోంచి లేవడానికి రెండుసార్లు ప్రయత్నించారేమో చూడండి. డాక్టరుకి ఈ వీడియో చూపిస్తే సగం వివరణ మిగులుతుంది.

ఒక్కటి మాత్రం వీడియోలో తెలియదు. చెప్పుల్లేని దేశాల పుస్తకాల్లో కనిపించదు గానీ మన నరాల డాక్టర్లు తప్పకుండా అడిగే ప్రశ్న. నడుస్తుంటే కాలి నుంచి చెప్పు జారిపోతోందా? జారినప్పుడు మీకు తెలుస్తోందా? జారుతోందని తెలిసీ ఆపలేకపోతే పట్టు తగ్గిందని. రెండడుగులు పోయాక వెనక్కి చూసి, చెప్పు అక్కడే ఉండిపోయిందని కనిపెడితే స్పర్శ తగ్గిందని. షుగరున్న నాన్నల్ని ఈ ప్రశ్న ముందు అడగాలి.